సున్నపు గీత

కూతురు షెర్లీ, జలపాతం అంచున కాలు జారి పడి చనిపోయిన రోజున, లోయలోంచి ఆమెను పైకి మోసుకొచ్చింది ఎవరో యోబు మాస్టారు చూడలేదు.

ఆయన కారంపూడి నుంచి మాచర్ల ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ ముఖం మీద నీలం గళ్ల తువ్వాలు ఉంది. కప్పినవాడు వెళ్లిపోయాడు.

భార్య ఎస్తేరు ఆ తువ్వాలు ఉతికి మడత పెట్టింది.

"శవం మీద కప్పింది ఎవరన్నా వెనక్కి తీసుకుంటారా?" అన్నారు మాస్టారు.

"తీసుకోకపోతే మానె. బిడ్డ ముఖం పదిమంది కళ్లబడకుండా కాపాడాడు. ఒక్కసారి ఆయన చెయ్యి పట్టుకొని, మేలు చేశావని చెప్పి రండి."

ఏడాది నాటికి తువ్వాలూ, గుప్పెడు బంతిపూలూ సంచిలో పెట్టుకొని మాస్టారు జలపాతానికి వెళ్లారు.

ఆ రోజు బిడ్డను మోసుకొచ్చిందెవరని గేటు దగ్గర గార్డును అడిగారు.

"నేను కొత్త సార్" అన్నాడతను.

అంచుకు ఇవతల ఒక ముసలాయన రాళ్ల మీద సున్నంతో అడ్డంగా గీత గీస్తున్నాడు. పూలు వేయడానికి మాస్టారు ఆ గీత దాటారు.

"ఓ పెద్దాయనా! ఏంది, కళ్లు కనపడట్లా? గీత దాటమాక!"

మాస్టారు ఆగలేదు. ముసలాయన పరుగున వచ్చి చొక్కా పట్టుకొని వెనక్కి లాగాడు. ఇద్దరూ పడ్డారు. బక్కెట్టు దొర్లింది. సంచిలోంచి జారిన తువ్వాలు మీద సున్నం ఒలికింది.

"నీకేం తెలుసయ్యా! నా బిడ్డ ఇక్కడే పోయింది!"

ముసలాయన తువ్వాలు వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత దాన్ని దులిపి, నాలుగు మడతలు పెట్టి, సంచిలో ఉంచాడు.

"దాచుకో అయ్యా" అన్నాడు. అంతే.

తిరిగి వెళ్తూ మాస్టారు గేటు దగ్గర ఆ ముసలాయన మీద ఫిర్యాదు రాసిచ్చారు. అంత కోపంలోనూ అక్షరాలు గుండ్రంగా కుదిరాయి.

మరుసటి ఏడు వెళ్తే రాళ్ల మీద గీత లేదు.

"సున్నం గీసే ముసలాయన రావట్లేదా అమ్మా?" టీకొట్టు అబిదాను అడిగారు.

"జాన్ సాహెబ్ తాతా? ఎండాకాలంలో పోయాడు సార్. పిడుగురాళ్ల సున్నపుబట్టీలో పని. ఆదివారమొస్తే బక్కెట్టుతో బస్సు దిగేవాడు. ఎవరో పంతులు కాగితం రాసిచ్చాడంట, లోపలికి రానియ్యలా. అయినా మానలా. గేటు బయట కూర్చొని, వచ్చేపోయే పిల్లలకి 'అంచుకు పోమాకండి' అని చెప్పేవాడు."

"ఆయనకెందుకంత పట్టుదల?"

"రెండేళ్ల కింద ఒక ఆడపిల్ల పడిపోతే, ఆయనేగా సార్ పైకి మోసుకొచ్చింది. భుజాన ఉన్న తువ్వాలే కప్పాడు."

మాస్టారు టీగ్లాసు కింద పెట్టారు.

అంచున రాయి తడిగా, నల్లగా ఉంది. గీత మళ్లీ గీసినవాళ్లు లేరు, తువ్వాలు ఇంకా సంచిలోనే ఉంది.