కంచె పక్క నీడ

"కంచెకి మూడు మీటర్లలోపు చెట్టుండకూడదనేగా సార్ రూలు? టేపు పట్టి చూశాను, ఇది నాలుగు మీటర్ల అవతలుంది," అన్నాడు విమానాశ్రయం తోటమాలి.

"కొమ్మెక్కి ఎవడైనా లోపలికి దూకితే నువ్వు జవాబు చెబుతావా? కొట్టెయ్!" కసిరాడు సెక్యూరిటీ ఆఫీసరు.

"పాపం, రోజూ ఒకావిడ ఈ నీడలో నిలబడి, దిగే విమానాలన్నీ చూస్తుంటుంది సార్."

"కొట్టెయ్యమన్నానా!"

తోటమాలి రంపం తీశాడు. సాయంత్రానికి చెట్టు కూలింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆవిడ ఆ మొద్దు పక్కనే, ఎండలో నిలబడింది. ఆఫీసరు గొడుగు తెచ్చి ఆవిడకి పట్టాడు.

తోటమాలి నోరు తెరిచేలోగా, "మా ఆవిడే," అన్నాడు. "అమ్మాయి ఎక్కిన విమానం కూలిపోయి రెండేళ్లు. నీడ లేకపోతేనన్నా ఇంటిపట్టున ఉంటుందనుకున్నాను."