మూరెడు కుడికి

గురప్ప నాటు తుపాకి గొట్టంలో మసి పేరుకుని, గుండు ఎప్పుడూ మూరెడు ఎడమకు పోయేది. అందుకని అతను మూరెడు కుడికి గురిపెట్టేవాడు. ఆ కిటుకు ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు తెల్లారేసరికి ఏరియూరులో వాళ్ల శెనక్కాయ చేలో అడవిపంది దిగింది. తమ్ముడు చెన్నప్ప పందికి అవతల, గురప్ప చూపుకు కాస్త కుడిపక్కగా గట్టెక్కి నిలబడ్డాడు.

“కాల్చన్నా! నేనీడ అడ్డం ఉండాను!”

గురప్ప అలవాటు ప్రకారం గురి మూరెడు కుడికి జరిపి కాల్చాడు. పంది పారిపోయింది. చెన్నప్ప కూలిపోయాడు.

గురప్ప పరుగెత్తి తమ్ముడి తల ఒళ్లో పెట్టుకున్నాడు.

“గుండు ఇట్లెట్ల వచ్చెరా? ఎప్పుడూ ఎడమకే కదా పోయేది!”

“నిన్న... గొట్టమంతా వేన్నీళ్లు పోసి కడిగినానన్నా. నీ గుండు నేరుగా పోవాలని...”

చెన్నప్ప గోళ్లలో మసి ఇంకా నల్లగానే ఉంది.