కళ్ళ మధ్య ఎడం

చిక్కుడు పందిరి కింద బతికే పూల ఈగలకు చారలయ్య పెద్ద. తోటావిడ ఆ ఈగలకు ఫోటోలు తీసి, పెద్దవి చేసి గోడకు అంటించింది. అవి చూసి చారలయ్య గుండె గుభేలుమంది. సగం మందికి రెండు కళ్ళూ కలిసిపోయి ఉన్నాయి, సగం మందికి మధ్యలో ఎడం ఉంది!

"ఓరి నాయనో! ఇన్నాళ్ళూ వేరే జాతి మనతోనే కాపురం చేసిందర్రా! కళ్ళ మధ్య ఎడం ఉన్నోళ్ళని తరిమేయండి!"

"నేనయ్యా, నీ పెళ్ళాన్ని!" అని మొత్తుకుంది సూరీడమ్మ.

"ఫోటో అబద్ధం చెబుతుందా?" అంటూ చారలయ్యే ఆమెను కంచె దాటించాడు.

సాయంత్రానికి చిక్కుడు తీగ మీద పేనుబంక పురుగులు పండగ చేసుకుంటున్నాయి. పూల ఈగల పిల్లలు తినేది వాటినే. అలాంటి వాటికి ఇంత సంబరమేమిటని చారలయ్య నిలదీశాడు.

"నీకు దండాలు సామీ!" అంది ఒక ముసలి పురుగు. "ఇక మమ్మల్ని తినే పిల్లలెక్కడ పుడతారు? కళ్ళు కలిసుండేది మీ మగాళ్ళకి. ఎడం ఉండేది మీ ఆడాళ్ళకి. మాక్కూడా తెలుసే ఆ సంగతి!"

చారలయ్య పందిరంతా కలయజూశాడు. ఎటు చూసినా అచ్చం తనలాంటి మొహాలే.