ఇక్కడ లేదు

ఆమె తడిగుడ్డతో కారు అద్దాలు తుడుస్తోంది.

పది గంటలకల్లా వీడియో తియ్యాలి. కరెంటు కార్ల గురించి ఆమె చేస్తున్న వీడియోల్లో అది ఏడోది. ఆరోదాన్ని అయిదు వందల మంది కూడా చూడలేదు. చూసినవాళ్ళలో సగం మంది తిట్టిపోశారు.

"అమ్మా, ఆ కారు వీడియోలు చేసేది మీరేనా?"

గేటు దగ్గర డెబ్బై ఏళ్ళ మనిషి. నలిగిన చొక్కా, చంకలో గుడ్డసంచీ.

"నేనే. ఏం కావాలి?"

"ఒక్క మాట కలపాలి తల్లీ. 'ఈ కారుకు పొగ లేదు' అంటున్నారు. 'ఇక్కడ లేదు' అనండి, చాలు."

ఆమెకు ఒళ్ళు మండింది.

"మిమ్మల్ని ఎవరు పంపారు? పెట్రోలు బంకు వాళ్ళా?"

"ఎవరూ పంపలేదమ్మా. మా ఊళ్ళో బొగ్గు కాల్చి కరెంటు తీస్తారు. ఆ పొగగొట్టం కిందే మా ఇల్లు. ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కుంటాం. నాలుగు మెట్లెక్కితే మా ఆవిడకు ఆయాసం."

"అయితే ఏంటి? కార్లన్నీ తుక్కు కింద అమ్మెయ్యమంటారా?"

"అయ్యో, అంత మాటనకు. ఇది మంచి కారమ్మా. చాలా మంచిది. మంచిదానికి మళ్ళీ అబద్ధం ఎందుకని..."

అబద్ధమట! పొద్దున్నే ఇంటికొచ్చి మరీ!

ఆమె గుడ్డను బకెట్లోకి విసిరికొట్టింది.

"లోపలికి రండి. అదేదో కెమెరా ముందే చెప్పండి."

పెద్దాయన ముఖం విప్పారింది. కుర్చీ అంచున కూర్చుని, జుట్టు చేత్తో సవరించుకుని, కిటికీలోంచి కారుకేసి చూపిస్తూ పది నిమిషాలు చెప్పాడు.

"అంతా వస్తుందా తల్లీ?"

"ఎందుకు రాదు?" అందామె, ఫోన్ మీంచి తలెత్తకుండానే.

ఆయన అటు వెళ్ళగానే ఎడిటింగుకు కూర్చుంది.

'ఈ కారుకు ఇక్కడ పొగ లేదు, మా ఊళ్ళో ఉంది' అన్నాడాయన.

'ఇక్కడ' తీసేసింది. 'లేదు' తీసేసింది. 'మా ఊళ్ళో' కూడా తీసేసింది.

'ఈ కారుకు పొగ ఉంది' అని మిగిలింది.

పక్కన దగ్గుతున్న గాడిద బొమ్మ. కింద 'పెట్రోలు తాత' అని పేరు.

మధ్యాహ్నానికి లక్ష మంది చూశారు.

'తాతా, ముందు కళ్ళజోడు మార్చు!'

'పూటకెన్ని లీటర్లు పట్టిస్తావు తాతా?'

ఆ కార్లు తయారుచేసే ఫ్యాక్టరీలోనే ఆమె భర్త ఉద్యోగం. భోజనానికి వచ్చాడు.

"ఇదిగో, చూడు. మీ కారుకు వంకలు పెట్టడానికి ఇంటికే వచ్చాడో ముసలాయన!"

అతను చూశాడు. మళ్ళీ మొదటినుంచి చూశాడు. నవ్వలేదు.

"ఈయన వెళ్ళి ఎంతసేపైంది?"

"పొద్దున్నే పోయాడు. ఏం?"

"ముందు దీన్ని తీసెయ్."

"తీసేస్తే మాత్రం? ఇప్పటికే ఊరందరి ఫోన్లలో తిరుగుతోంది. ఇన్నాళ్ళకు ఒక్క వీడియో ఆడితే నీకు కళ్ళు కుట్టాయా?"

"తియ్యమన్నానా!"

"ఎందుకలా అరుస్తావు? వాడెవడో బంకు మనిషి కోసం..."

"వాడెవడో?"

అతను తన ఫోన్ తీసి, పాత ఫోటో ఒకటి వెతికి, ఆమె ముందు బల్ల మీద పెట్టాడు.

రేకుల షెడ్డు. మోచేతుల దాకా మసితో ఆ పెద్దాయన, జుట్టింకా పూర్తిగా నెరవలేదు. రెండు చేతులతో ఏదో బరువైన పెట్టెను పదిలంగా పట్టుకుని నవ్వుతున్నాడు. పెట్టె రెండో వైపు పట్టుకున్న కుర్రవాడు ఆమె భర్తే.

'మన కారు మొట్టమొదటి బ్యాటరీ, దాన్ని తయారుచేసిన మా మాస్టారు' అని ఫోటో కింద రాసిన వాక్యం చదివి ఆమె తలెత్తేసరికి, అతను ఇంట్లోంచి వెళ్ళిపోయాడు.