నాలుగు గంటల వీధి

"ఎంతుంది?" డాబా మీద నుంచి రెలు అరిచాడు.

"ఆరువందల నలభై," రెండో అంతస్తు కిటికీలోంచి తల బయటపెట్టి స్మరాండ చెప్పింది.

రెలు మరో వైరు పీకాడు. "ఇప్పుడో?"

"ఆరువందల ఇరవై."

బ్రయిలా అనే ఊళ్లోని ఆ భవనంలో ఇంటింటికీ ఇంటర్నెట్ పంచేది రెలే. డాబా మీద ఒక డబ్బా, అందులోంచి గోడల వెంట వేలాడుతూ ముప్పై ఇళ్లకు ముప్పై వైర్లు. ఎవరో ఒకరు ఇంటర్నెట్ ఎక్కువ లాగేస్తే మిగిలినవాళ్ల కబురు అవతలికి వెళ్లి తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది. ఆ సమయాన్నే పింగ్ అంటారు. లాగేస్తున్నది ఎవరో పట్టుకోవడానికి ఆ పేటలో ఒకటే పద్ధతి. ఒక్కో వైరూ పీకుతూ అంకె అడగడం.

అంతకుముందు స్మరాండ తన తప్పేమోనని అన్నీ చూసుకుంది. తన వైరు మార్చింది. కంప్యూటర్‌లో అక్కర్లేనివన్నీ ఆపేసింది. అంకె దిగలేదు.

కింద బెంచీ మీద పొద్దుతిరుగుడు గింజలు నములుతున్న పక్కింటి తింకుత్స తలెత్తి చూసింది. "పెళ్లిచూపులప్పుడు కూడా ఇంత కంగారు పడలేదే నువ్వు."

"వాళ్లు పోతే ఇంకొకళ్లు వస్తారు పిన్నీ. అన్నయ్యకు రేపే ఆఖరు."

అన్న వియోరెల్ ఇటలీలోని తొరీనోలో తాపీపని చేస్తున్నాడు. రేపు, ఆదివారం సాయంత్రమే కొండల్లో సొరంగం పనికి బయలుదేరుతున్నాడు. వసంతం దాకా అక్కడ ఇంటర్నెట్ ఉండదు.

ఫోన్‌లో వాళ్లిద్దరూ "బాగున్నావా" దాటి వెళ్లలేరు. అందుకే ప్రతి ఆదివారం నాలుగింటికి ఇంటర్నెట్‌లో ఆడే ఒక తుపాకుల ఆటలో కలుసుకుంటారు. అందులో ఎవరో వాళ్ల వీధినే కట్టారు. ఆ బేకరీ, ఆ ట్రాము పట్టాలు, ఈ భవనం, ఈ బెంచీ. అది ఎవరి కంప్యూటర్‌లో నడుస్తోందో ఎవరికీ తెలియదు. ఇటలీలో ఉన్న పేటవాళ్లు ఒకరి నోట ఒకరు విని వచ్చేవాళ్లు. తుపాకులు కింద పడేసి ఊరికే తిరిగేవాళ్లు. అన్నాచెల్లెళ్లు బెంచీ మీద కూర్చునేవాళ్లు, అంతే.

పింగ్ మూడువందలు దాటితే ఆట బయటికి నెట్టేస్తుంది. నెల రోజులుగా శని, ఆదివారాల్లో స్మరాండను నెట్టేస్తూనే ఉంది.

"ఇప్పుడు?"

ఆమె రెండుసార్లు చూసింది. "ఎనిమిది. రెలూ, ఎనిమిదికి దిగింది."

"నాలుగో అంతస్తు. హరలంబ్ బాబాయ్."

"ఆ మూగాయనా? ఈ వయసులో ఏం సినిమాలు దించుకుంటున్నాడో," అంది తింకుత్స.

రెలు పీకిన ఆ వైరును అలాగే వదిలేసి దిగి వచ్చాడు.

మర్నాడు మూడింటికి హరలంబ్ స్మరాండ తలుపు తట్టాడు. ఆయన రెండేళ్లుగా అదే భవనంలో ఉంటున్నా, ఆ గొంతు ఆమె వినడం అదే మొదలు.

"అమ్మాయ్, నా వైరు నువ్వే తీయించావట."

"అందరికీ ఇబ్బందవుతోంది బాబాయ్."

"నిజమేనమ్మా. వారమంతా వాడకుండా ఉంటాను. నాలుగు నుంచి ఐదు, ఆ ఒక్క గంటా ఇప్పించు."

"నాకూ అదే గంట కావాలి."

"అక్కడ కొందరు పిల్లలు ఎదురు చూస్తుంటారు."

"ఎవరు, మీ మనవలా?"

"కాదు. వాళ్ల పేర్లు కూడా నాకు తెలియవు."

ఆమెకు నవ్వు వచ్చింది, ఆపుకుంది. "పేరు తెలియనివాళ్లు వచ్చే వారం దాకా ఆగుతారులే బాబాయ్. మా అన్నయ్య ఆగలేడు."

ఆయన టోపీ పెట్టుకుని మెల్లగా మెట్లెక్కాడు.

నాలుగింటికి పింగ్ ఆరు. అంత తక్కువ అంకె ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆటలో వీధి లేదు.

ఆటలోని చోట్ల జాబితాను పైనుంచి కింది దాకా వెతికింది. కంప్యూటర్ ఆపి, మళ్లీ పెట్టి వెతికింది. ఊరూ పేరూ తెలియని వందల చోట్లు కనిపించాయి కానీ అది కనిపించలేదు.

ఐదుకు పది నిమిషాలుందనగా ఫోను మోగింది.

"చెల్లీ, మన వీధి కనబడట్లేదే."

"నాకూ కనబడట్లేదు అన్నయ్యా. పింగ్ మాత్రం ఆరే ఉంది."

"ఆరా? బాగుంది. వెళ్లేముందు ఐదు నిమిషాలు బెంచీ మీద కూర్చుందామనుకున్నా. సరేలే, బండి వచ్చేసింది. బాగున్నావా?"

"బాగున్నా."

ఫోను పెట్టేసి ఆమె రెలు ఇంటికి వెళ్లింది. ఆటలో ఆ వీధి నడిచే కంప్యూటర్ చిరునామాను తన పుస్తకంలోంచి ఒక్కో అంకె చదివింది. రెలు తన యంత్రంలో కొట్టి చూశాడు.

"ఎక్కడుంది రెలూ? ఇటలీలోనా?"

"ఈ అంకెలు మన భవనానివే."

అతను లేచి మెట్లెక్కాడు. ఆమె వెనకే వెళ్లింది.

నాలుగో అంతస్తులో తలుపు తీసే ఉంది. హరలంబ్ కంప్యూటర్ ముందు చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. తెర మీద ఎవరూ లేని వీధి.

ఆయన వెనక గోడ నిండా పెన్సిల్‌తో గీసిన కాగితాలున్నాయి. బేకరీ గుమ్మం వెడల్పు, ట్రాము పట్టాల మధ్య దూరం, ప్రతి మెట్టు ఎత్తూ కొలిచి రాసి ఉన్నాయి.

బెంచీ గీసిన కాగితం అంచున చిన్న అక్షరాలతో ఇలా ఉంది: "తొరీనో అబ్బాయీ, వాళ్ల చెల్లెలూ కూర్చునే చోటు, దీన్ని కదపకూడదు."