పై పోర్షన్ నిద్ర

"మైకు కట్టెయ్ నాయనా, నీకు దణ్ణం పెడతాను!"

ఉల్లిపాయల ఆటోకి అడ్డంగా నిలబడింది రావమ్మ.

"మైకు లేకపోతే బేరం ఎట్టా అవుద్దమ్మా?"

"పక్క వీధిలో చేసుకో బేరం. మా పై పోర్షన్ బాబు పడుకున్నాడు. ఇవాళ కూడా నిద్ర లేకపోతే అతని ఉద్యోగం గోవిందా!"

ఆటోవాడు టైము చూసుకున్నాడు. పగలు పదిన్నర. ఈ టైములో పడుకునే ఉద్యోగం ఏమిటో అతనికి అంతుపట్టలేదు. గొణుక్కుంటూ మైకు ఆపి వెళ్ళిపోయాడు.

ఉద్యోగం చిన్నదేం కాదు. పైన అద్దెకుంటున్న జోయెల్ ఎయిర్‌పోర్టు టవర్‌లో కంట్రోలర్. ఏ విమానం ఎంత ఎత్తులో రావాలో, ఎప్పుడు దిగాలో మైకులో చెప్పేది అతనే. రాత్రి షిఫ్టుకి అలవెన్సు ఎక్కువ. చెల్లెలు జెస్సికా నర్సింగ్ ఫీజు కోసం అడిగి మరీ రాత్రి షిఫ్టులు వేయించుకున్నాడు. పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం దాకా పడుకుంటాడు. ఈ ఇంట్లో దిగిన దగ్గర్నుంచీ, ఎనిమిది నెలలుగా ఇదే వరస.

కింద వెంకటప్పయ్య, రావమ్మల కాపురం. కాపురంతో పాటు మగ్గం. అది సరిగ్గా జోయెల్ మంచానికి కిందే ఉంటుంది.

మూడు వారాల కిందట జోయెల్ తల్లి తెరేసమ్మ కొడుకుని చూడ్డానికి వచ్చింది. వెళ్తూ వెళ్తూ మగ్గం దగ్గర ఆగింది.

"ఈ టకటకల్లో మావాడు ఎట్టా పడుకుంటున్నాడో వదినగారూ! వాడు మైకు ముందు కునుకు తీస్తే ఎంతమంది ప్రాణాలో!"

ఆవిడ మామూలుగానే అంది. రావమ్మకి మాత్రం ఆ మాట మనసులోంచి పోలేదు. మొగుడూ పెళ్ళాం ఆ రాత్రే తీర్మానించుకున్నారు. జోయెల్ ఇంట్లో ఉన్నంతసేపూ మగ్గం ఆడకూడదు. ఆ సంగతి అతనికి చెప్పకూడదు. చెబితే మొహమాటపడి వద్దంటాడు.

మర్నాటి నుంచి నేత రాత్రికి మారింది. వెంకటప్పయ్యకి అరవై రెండేళ్ళు. బల్బు వెలుగులో పోగులు కనిపించి చావవు. రెండు చీరల్లో నేత తప్పింది. బెజవాడ షావుకారు కూలీలో కోత పెట్టాడు.

"పోనీలే, పైన ఆ అబ్బాయన్నా హాయిగా పడుకుంటున్నాడు," అన్నాడు వెంకటప్పయ్య.

ఎక్కడి హాయి! వారం తిరక్కుండా జోయెల్ ఒక విమానానికి ఎత్తు తప్పు చెప్పాడు. పైలట్ అనుమానపడి మళ్ళీ అడిగాడు కాబట్టి సరిపోయింది. మెమో వచ్చింది. మొన్న ఇంకో పైలట్ రెండుసార్లు పిలిచినా పలకలేదు. దాంతో ఈ నెల షిఫ్టు అలవెన్సు మొత్తం కట్.

ఈ కబుర్లు చెప్పింది తోటి కంట్రోలర్ సురేష్. నిన్న పొద్దున్న జోయెల్‌ని తన కారులో దింపి, అతను పైకెళ్ళాక గేటు దగ్గర రావమ్మతో గొంతు తగ్గించి చెప్పాడు.

"ఎనిమిది నెలల్లో ఒక్క రిమార్కు లేదండీ అతనికి. ఇప్పుడేమో కళ్ళు తెరిచే నిద్రపోతున్నాడు. రేపు రాత్రి ఆఫీసరు పక్కనే కూర్చుని చూస్తారంట. ఇంకొక్క తప్పు దొర్లిందా, మైకు దగ్గరికి రానివ్వరు. అలవెన్సులన్నీ పోతాయి. మళ్ళీ పరీక్ష పాసైతేనే సీటు."

"పోనీ లీవు పెట్టొచ్చుగా బాబూ?"

"అడిగాడండీ. స్టాఫ్ లేరని ఇవ్వలేదు."

రావమ్మ ఆలోచించింది. మగ్గం ఆపినా అతను పడుకోలేదంటే ఇంకేదో చప్పుడు ఉందన్నమాట. అదేదో పట్టుకోవాలి. కోడిపుంజుని బస్సెక్కించి పామర్రులో చెల్లెలింటికి పంపేసింది. కుక్కర్ అటకెక్కించింది. గేటు బందులకి కొబ్బరినూనె పోసింది. నూలు కండెలు చుట్టే రాట్నాన్ని పక్కింటి సంపూర్ణమ్మ ఇంట్లో పెట్టింది. వెంకటప్పయ్యకి దగ్గొస్తే వీధి చివరికి వెళ్ళి దగ్గి రావాలి. పాపం, వెళ్తున్నాడు కూడా!

ఇవాళ ఉల్లిపాయల ఆటో కూడా పోయాక, చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం.

పన్నెండయింది. ఒంటిగంటయింది. పైన మంచం కిర్రుమంది. అటు దొర్లాడు. మళ్ళీ ఇటు దొర్లాడు. కాసేపటికి అడుగుల చప్పుడు. రావమ్మ పైకప్పు వంకే చూస్తూ కూర్చుంది.

"పడుకో నాయనా, పడుకో," అంటోంది పెదవులతోనే.

రెండింటికి పై తలుపు తెరుచుకుంది. ఆఫీసరు ముందు కూర్చోవడానికి ఇంకా ఆరు గంటలే ఉన్నాయి.

జోయెల్ మెట్లు దిగి వచ్చాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకున్నాడు. చేతిలో కొన్ని నోట్లు.

ఆ నోట్లు చూసి వెంకటప్పయ్య నీరుగారిపోయాడు. అద్దె చేతిలో పెట్టి ఇల్లు ఖాళీ చేస్తానంటాడు, ఇంకేముంది!

"తప్పంతా మాదే బాబూ," రావమ్మ ఏడ్చేసింది. "ఏ చప్పుడు మీ నిద్ర చెడగొడుతోందో చెప్పండి. ఇప్పుడే ఆపిస్తాం. ఇవాళ ఒక్కరోజు గట్టెక్కండి చాలు."

ఆవిడ ఎందుకు ఏడుస్తోందో జోయెల్‌కి అర్థం కాలేదు. దుప్పటి కప్పిన మగ్గం వైపు ఓసారి చూసి, నోట్లు వెంకటప్పయ్య చేతిలో పెట్టాడు.

"అడగటానికి ఇన్నాళ్ళూ మొహమాటపడ్డాను బాబాయ్ గారూ, రిపేరుకి ఇవి సరిపోతాయేమో చూడండి, మీ మగ్గం చెడిపోయిన రోజు నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు."