తెడ్డెం తాత అభ్యంతరం

“గడ్డి ఇంకాస్త కొట్టించమ్మా! నా గడ్డం చూడు, ఎంత నున్నగా ఉందో! గ్రీనంటే అలా ఉండాలి,” అంటూ క్లబ్బు కెప్టెన్ తన చెంప నిమిరి చూపించాడు.

సూపరింటెండెంట్ ఆ చెంప వంక చూడలేదు. ఆఖరి గ్రీన్ మీద మోకాళ్ళానించి, గడ్డిని వేళ్ళతో దువ్వి చూస్తోంది. గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చికనే గోల్ఫ్ ఆడేవాళ్ళు గ్రీన్ అంటారు. ఈ మైదానంలో దాని బాగోగులన్నీ ఆమెవే. తెల్లారితే ఫైనల్స్. ఎండలు చూస్తే నిప్పులు చెరుగుతున్నాయి.

“ఇప్పటికే మొదలంటా కోశాం సార్. ఇంకా కోస్తే రేపటికి మాడిపోతుంది.”

“ఏం మాడదు. నేను టీవీలో చూశాను.”

“కోసి, బాగా నీళ్ళు కుమ్మరించు,” అంది సభ్యుల్లోంచి డాక్టరమ్మ. “మా కుండీలకి నేనలాగే చేస్తాను.”

సూపరింటెండెంట్‌కి ఒళ్ళు మండింది. గడ్డి మాడినా, నీళ్ళెక్కువై వేళ్ళు కుళ్ళినా ఈ పెద్దమనుషుల్లో ఒక్కరైనా తప్పు మాదంటారా? పాత సూపరింటెండెంట్ అందరి సలహాలూ వినే కదా ఉద్యోగం పోగొట్టుకుంది! ఇప్పుడు తన వంతు.

ఆ క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. ఫైనల్స్ ముందు సాయంత్రం సభ్యులంతా ఆఖరి గ్రీన్ చుట్టూ చేరతారు. ఏది మార్చాలన్నా అందరూ ఊఁ అనాలి. ఒక్కరు కాదన్నా ఆ పని ఆగిపోవలసిందే. ఈసారి కెప్టెన్ అందరినీ ముందే మంచి చేసుకుని వచ్చాడు.

“అందరికీ సమ్మతమేనా?”

చేతులు టపటపా లేచాయి. సూపరింటెండెంట్ గేటు వైపు చూసింది.

“ఆగండాగండి!”

“వచ్చాడ్రా బాబూ తెడ్డెం తాత!” అని గొణిగాడు కెప్టెన్.

ఎవరు ఎడ్డెమన్నా తెడ్డెమనే ఆ ముసలాయన ఈ మధ్యే క్లబ్బులో చేరాడు. ఆడేది తక్కువ, అడ్డం పడేది ఎక్కువ. ఒంటికి మంచిదంటూ గేటు దాకా ఎప్పుడూ నడిచే వస్తాడు. ఇప్పుడూ రొప్పుతూనే వచ్చాడు.

“కొయ్యడమేమిటయ్యా? చీలమండల దాకా పెంచండి!”

“పెంచితే బంతి కనపడొద్దా?”

“వెతుక్కోండి! కళ్ళకి మంచి వ్యాయామం.”

“పోనీ, నీళ్ళయినా పెట్టనివ్వండి,” అంది డాక్టరమ్మ.

“కుదరదు. నా మోకాళ్ళకి తేమ పడదు.”

కెప్టెన్ బతిమాలాడు, కసిరాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నాడు తాత. అంతటితో ఊరుకోక సూపరింటెండెంట్ మీదికీ తిరిగాడు. “అసలీ అమ్మాయికి గడ్డి పెంచడమూ రాదు, కొయ్యడమూ రాదు!”

ఆమె తల వంచుకుని చేత్తో నోరు మూసుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి. డాక్టరమ్మకి జాలేసింది. “ఊరుకోమ్మా. ఆయన నోరే అంత,” అంటూ వీపు నిమిరింది.

“సరే, ఏదీ వద్దు! ఉన్నదున్నట్టు ఏడవనివ్వండి!” కెప్టెన్ టోపీ నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎండ మాడ్చేసినా ఆఖరి గ్రీన్ పచ్చగా నవ్వుతూ నిలబడింది. కప్పు తేలాల్సిన దెబ్బ కెప్టెన్‌దే. బంతి దొర్లింది, దొర్లింది, గుంత అంచున ఒక్క క్షణం ఆగి, లోపల పడింది! ఈలలు, కేకలు, చప్పట్లు! డాక్టరమ్మ ఎగిరి గంతేసింది. సూపరింటెండెంట్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగం నిలబడింది.

“చూశారా? కొయ్యొద్దని నాకు ముందే అనిపించింది!” అన్నాడు కెప్టెన్ కప్పు పైకెత్తుతూ.

“అవును సార్, మీ చలవే,” అందామె.

సాయంత్రం ఆమె ఈల వేసుకుంటూ స్కూటర్ మీద గేటు దాటింది. క్లబ్బు గోడ మలుపు తిరిగాక బండి ఆపింది. అక్కడ నీడలో నిలబడ్డ తెడ్డెం తాత చేతికర్ర చంకన పెట్టుకుని వెనక సీటెక్కి కూర్చున్నాడు.

“రేపు ఎవరికి అడ్డం పడమంటావు, కోడలుపిల్లా?”